కయోటీ పాయింట్‌లో నీళ్ళు మా చేతికి అందనివ్వండి

గౌరవనీయులైన శాన్ మటేయో కౌంటీ సూపర్‌వైజర్లకు నమస్కారం. ఈ ఉత్తరం ఇక్కడి మా వాళ్ళు కూడా చదవాలని తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషు కాపీ మీకు విడిగా పంపుతున్నాను.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా మేము ముందు వెళ్ళేది కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో బే (అఖాతం) ఒడ్డున ఉన్న మన కౌంటీ పార్కు, కయోటీ పాయింట్‌కే. పిల్లలు అక్కడి ఆటస్థలం మ్యాజిక్ మౌంటెన్‌లో కోట ఎక్కేస్తారు. నాన్న యూకలిప్టస్ ఆకు నలిపి వాసన చూసి, "మన జామాయిల్ తోటలో ఉన్నట్టుందిరా" అంటారు. అమ్మ మాత్రం తిన్నగా బీచ్‌కి నడుస్తుంది. దోసిట్లో నీళ్ళు తీసుకుని నెత్తిన చల్లుకుంటుంది. ఆ తర్వాతే ఒడ్డున కూర్చుని ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు చూస్తుంది.

సముద్రమట్టం పెరుగుతోంది కాబట్టి బే ఒడ్డును ఎత్తు చెయ్యాలన్న మాట కౌంటీ అంతటా వినిపిస్తోంది. అవసరమే, కాదనను. కానీ ఆ పని ఇక్కడిదాకా వచ్చినప్పుడు నీళ్ళకూ మనుషులకూ మధ్య గోడ లేవకూడదు. నా విన్నపం అదే.

ఈ చోటు చరిత్ర మీకు తెలుసు, అయినా ఒకసారి గుర్తు చేస్తాను. ఒకప్పుడు ఇది చిత్తడి నేలల మధ్య దిబ్బ. 1922లో ఇక్కడ పసిఫిక్ సిటీ అనే పెద్ద వినోద పార్కు తెరిచారు. రోలర్ కోస్టర్, డాన్స్ హాలు, ఒడ్డు వెంట చెక్కబాట, అన్నీ ఉండేవి. రెండు సీజన్లకే మూతపడింది. చలిగాలి ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, చుట్టుపక్కల ఊళ్ళ మురుగు బేలో కలవడం. స్నానానికి పనికిరాని నీళ్ళ దగ్గరికి ఎవరొస్తారు?

యుద్ధకాలంలో, 1942 నుంచి, వాణిజ్య నౌకల కేడెట్లకు ఇక్కడే శిక్షణ ఇచ్చారు. వాళ్ళ తర్వాత 1963 దాకా కాలేజ్ ఆఫ్ శాన్ మటేయో ఇక్కడ నడిచింది.

నాకు బాగా నచ్చేది గాలి సంగతి. శాన్ బ్రూనో దగ్గర కొండల సందులోంచి మధ్యాహ్నం వీచే గాలి ఆనాడు జనాన్ని ఇబ్బంది పెట్టింది. ఈనాడు అదే గాలి కోసం విండ్‌సర్ఫింగ్ వాళ్ళు తెరచాపలు కారు మీద కట్టుకుని వస్తున్నారు. గాలితో మనం సర్దుకున్నాం. మురుగుతో మాత్రం సర్దుకోలేం. అది మనం చేసిన తప్పు, మనమే ఆపాలి.

అందుకే అడుగుతున్నాను. ఒడ్డు ఎత్తు పెంచే ఏ ప్లాన్‌లోనైనా ఇసుక బీచ్‌ను అలాగే ఉంచండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ళు నీళ్ళ అంచుదాకా దిగేలా వాలుబాట, పట్టుకోవడానికి రెయిలింగ్ పెట్టండి. గాలి తగలని చోట వీపు ఆన్చుకునే బెంచీలు వెయ్యండి. నీటి పరీక్షల ఫలితాలు బీచ్ దగ్గరే, పెద్ద అక్షరాల్లో, పిల్లలకు కూడా అర్థమయ్యేలా రాయించండి. పక్కనే పసిఫిక్ సిటీ ఎందుకు మూతపడిందో కూడా చెప్పండి. ఆ కథ తెలిసిన పిల్లలు వాన కాలవలో చెత్త వెయ్యడానికి వెనకాడతారని నా నమ్మకం.

ప్లాన్ల మీద మీటింగు పెట్టేటప్పుడు శనివారమో ఆదివారమో పెట్టండి. అమ్మను కూడా తీసుకొస్తాను. ఆమె మాట తెలుగులో వింటే చాలు, అనువాదం నేను చేస్తాను.

ఇట్లు,
శాన్ మటేయోలో ఉంటున్న ఒక తెలుగు తల్లి