పెద్దాసుపత్రి దగ్గర ఆదివారం అన్నం

సంపాదకులకు నమస్కారం.

2023 వేసవిలో అమ్మకి తుంటి ఎముక విరిగితే పదకొండు రోజులు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఉన్నాం. రోగికి ఆసుపత్రి వాళ్లే భోజనం పెడతారు. తోడున్న వాళ్ల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. పక్క మంచం దగ్గర మనవడికి తోడున్న మామ్మగారికి చాలా రోజులు పొద్దున టీ, బన్ను, రాత్రికీ అదే.

గురువారం వస్తే గేటు దగ్గర సాయిబాబా భక్తుల వ్యాన్లు రెండు మూడు ఆగేవి. తిన్నంత పులిహోర, దద్దోజనం. ఒక రోజు చర్చి వాళ్లు వచ్చారు. మిగతా రోజుల్లో ఎవరైనా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. నేనూ ఆ పులిహోర తిన్నాను, పెట్టిన వాళ్లకి దండం పెట్టాను. ఇంకో రోజు ఎవరిదో పెళ్లిరోజని పొట్లాలు పంచారు. పొట్లం చేతికిస్తూ "మామ్మా, ఇటు చూడు" అని ఫోన్ ఎత్తారు. ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పొట్లం సాయంత్రం దాకా విప్పలేదు.

రోడ్డుకి అవతలే చవగ్గా భోజనం పెట్టే ప్రభుత్వ అన్న క్యాంటీన్ ఉంది, కానీ అప్పట్లో దానికి తాళం వేసి ఉండేది. 2018 జులైలో మొదలైన ఈ క్యాంటీన్లు 2019లో ప్రభుత్వం మారాక మూతపడ్డాయి. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఇప్పుడు అయిదు రూపాయలకి అన్నం, కూర, పప్పు, పెరుగు. టోకెన్ కొనుక్కుని తినే మనిషి ఎవరికీ మొహం చూపించక్కర్లేదు. వండి పంపేది హరే కృష్ణ సంస్థ, ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వానిది. దాతలు కూడా విరాళాలిస్తున్నారు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

నా భయమల్లా మళ్లీ తాళం పడుతుందేమోనని. లంకల గన్నవరంలో బాటసారులకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే ఇప్పుడు మన రాష్ట్రంలో బడి భోజనానికి పెట్టారు. అంతకుముందు దాని పేరు గోరుముద్ద. పేరు మారింది గానీ పిల్లల కంచంలో అన్నం ఆగలేదు. ఎందుకంటే వండిన భోజనమే పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2013 ఆహార భద్రత చట్టంలోనూ అది చేరింది. క్యాంటీన్లకి అలాంటి ఆసరా లేదు. ఎవరు గెలిచినా ఆపడానికి వీల్లేకుండా శాసనసభలో ఒక చట్టం చేయమని ముఖ్యమంత్రి గారిని, ప్రతిపక్షాన్ని కూడా వేడుకుంటున్నాను.

ఇంకొక్క మాట. ఆ క్యాంటీన్‌కి ఆదివారం సెలవు. ఆసుపత్రుల దగ్గర ఉన్నవాటినైనా ఆ రోజు తెరవాలి. శనివారం రాత్రి అక్కడ తిన్నవాళ్లు మళ్లీ సోమవారం పొద్దున ఇడ్లీ దాకా ఆగాల్సి వస్తోంది.

– ఒక పాఠకురాలు, రావులపాలెం