స్ట్రెస్ గ్రాన్యూల్స్ చెత్తకుప్పలు కావు

సంపాదకులకు,

మీ సైన్స్ పేజీ వ్యాసం, ఒత్తిడికి గురైన కణంలో ఏర్పడే చుక్కలైన స్ట్రెస్ గ్రాన్యూల్స్‌ను ‘పాడైన ప్రొటీన్ల చెత్తకుప్పలు’ అంది. అది సరికాదు. వైరస్ సోకినా, ఆర్సెనైట్ అనే విషం తగిలినా, అమైనో ఆమ్లాలు కరువైనా ఒక్కో దెబ్బకు ఒక్కో కైనేజ్ ఎంజైమ్ మేల్కొని, ప్రొటీన్ల తయారీని మొదలుపెట్టించే ఈఐఎఫ్2 ఆల్ఫాలోని 51వ అమైనో ఆమ్లమైన సెరీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో కొత్త ప్రొటీన్ల తయారీ చాలావరకు మొదలే కాదు. ప్రొటీన్లు తయారుచేసే యంత్రాలైన రైబోజోముల్లో అప్పటికే నడుస్తున్నవి పని ముగించుకుని, తయారీ సూచనలు మోసే ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి జారిపోతాయి. అలా బయటపడ్డ ఎంఆర్‌ఎన్‌ఏను జీ3బీపీ1 అనే ప్రొటీన్ పట్టుకుని, నీటిలో నూనెబొట్లలా గుంపు కడుతుంది. ఈ బొట్లే స్ట్రెస్ గ్రాన్యూల్స్. చుట్టూ పొర ఉండదు. దెబ్బ తొలగితే కొద్ది గంటల్లోనే కరిగిపోతాయి. చెత్తయితే కరుగుతుందా?

తయారీని ఆపేది ఈ బొట్లేననడమూ పొరపాటే. జీ3బీపీ1, దాని జోడు ప్రొటీన్ జీ3బీపీ2 రెండూ తీసేసిన కణాల్లో బొట్లు లేకున్నా ఆర్సెనైట్‌కు తయారీ ఆగుతూనే ఉంది.

ల్యాబుల్లో కణాలకు 0.5 మిల్లీమోలార్ సోడియం ఆర్సెనైట్ 30 నుంచి 60 నిమిషాలు ఇచ్చి, జీ3బీపీ1ను మెరిసేలా చూపే యాంటీబాడీతో చూస్తారు. మెరిసిన ప్రతి చుక్కా గ్రాన్యూల్ కాదు. జీ3బీపీ1ను మోతాదుకు మించి తయారు చేయిస్తే ఏ దెబ్బా లేకుండానే చుక్కలు కడతాయి! అందుకే సైక్లోహెక్సిమైడ్ అనే రసాయనంతో పరీక్ష తప్పనిసరి. అది రైబోజోములను ఎంఆర్‌ఎన్‌ఏ మీదే బిగించేస్తుంది కాబట్టి అసలు గ్రాన్యూల్స్ కరుగుతాయి, ప్రొటీన్ ముద్దలు మిగులుతాయి. ఏఎల్‌ఎస్ అనే నరాల క్షీణత వ్యాధి ఉన్నవారిలో కొందరికుండే టీఐఏ1 జన్యువు మ్యుటేషన్లు ఈ కరగడాన్నే ఆలస్యం చేస్తాయి.

– కణజీవశాస్త్ర అధ్యాపకులు, హైదరాబాద్