స్కీ ట్రిప్: ఆదివారంలోగా ఓటేయండి

అందరికీ నమస్కారం! ఫిబ్రవరి ట్రిప్‌కి చివరికి రెండు చోట్లే మిగిలాయి: గుల్‌మర్గ్ (కశ్మీర్), ఔలి (ఉత్తరాఖండ్).

నా ఓటు గుల్‌మర్గ్‌కే. శ్రీనగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్లే. గండోలా (కేబుల్ కారు) రెండో దశ ఎక్కితే అఫర్వాత్ కొండ మీద 3,900 మీటర్లు దాటతాం. కంగారొద్దు, అక్కణ్ణుంచి జారేది ఆరితేరినవాళ్లు; మనకి కింది చిన్న వాలులే! (మాల్‌లో మంచు మీద ఆడినదాన్ని అనుభవం అనుకోకండి.)

ఔలి కూడా నేర్చుకోవడానికి మంచిదే. కానీ రిషికేశ్ నుంచి 250 కిలోమీటర్లకు పైగా ఘాట్ రోడ్డు. కారు పడనివాళ్లు ఆలోచించుకోండి.

ఆదివారం రాత్రి 9లోగా పోల్‌లో ఓటేసి, షూ సైజు నాకు విడిగా పంపండి.

కశ్మీర్ ఖాయమైతే మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ చూసుకోండి. ఒరిజినల్ ఆధార్ మరవద్దు!