కార్చిచ్చు నివారణ పనులు, నిధులు: వన సంరక్షణ సమితి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

నల్లమల అంచున ఉన్న మన సమితి ఈ ఏడాది చేసిన పనులను మీ ముందు ఉంచుతున్నాం. మొక్కల పెంపకం, చెక్‌డ్యాముల పూడికతీత ఎప్పటిలాగే సాగాయి. వాటి లెక్కలు విడిగా జతచేశాం. కార్చిచ్చు విషయంలో మాత్రం సభ్యులందరూ కూర్చుని ఆలోచించవలసిన అవసరం ఏర్పడింది కాబట్టి నివేదికలో మిగతా భాగమంతా దానికే కేటాయించాం.

మన అడవికి మంటల కాలం శివరాత్రి నుంచి తొలకరి దాకా. ఉగాది నాటికి ఆకు రాలి, బోదగడ్డి నిలువునా ఎండిపోయి ఉంటుంది. సరిగ్గా అదే సమయంలో కన్నడ భక్తులు వెంకటాపురం, నాగలూటి మీదుగా వేల సంఖ్యలో శ్రీశైలానికి కాలినడకన వెళతారు. ఎక్కడో ఒక పొయ్యి ఆర్పకుండా వదిలేసినా, ఇప్పపువ్వు ఏరుకోవడానికి ఎవరైనా చెట్టు కింది ఆకుకు నిప్పు పెట్టినా, గాలి తోడైతే పూట తిరగకముందే కొండ అంటుకుంటుంది. అందుకే డిసెంబరులో ఫైర్ లైన్ల (మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే పట్టీల) మీది గడ్డి కోసి ఎండనిచ్చి, జనవరిలో మంచు తేమ ఉండగానే మనుషులను కాపలా పెట్టి కాల్చివేయాలి. ఆ తర్వాత రాలే ఆకును బ్లోయర్లతో ఎప్పటికప్పుడు ఊడ్చుకుంటే సరిపోతుంది.

ఈ ఏడాది ఉత్తరం వైపు లైనును సభ్యుల చందాలతో జనవరిలోనే పూర్తి చేశాం. దక్షిణం వైపు పనికి డబ్బు ఫిబ్రవరి చివరి వారంలో గానీ చేతికి రాలేదు. హడావిడిగా గడ్డి కోశాం. అప్పటికే ఎండ ముదిరినందున కాల్చడానికి సాహసించలేక, కోసిన గడ్డిని లైను మీదే వదలవలసి వచ్చింది. మార్చి మూడో వారంలో ఒక రాత్రి కొండ మీది నుంచి మంట దిగింది. ఉత్తరపు లైను దగ్గరకు వచ్చి గీత గీసినట్లు ఆగిపోయింది. దక్షిణాన మాత్రం మనం కోసి పడేసిన గడ్డే మంటకు వంతెన అయ్యి, వెదురు పొదల్లోకి దాటించింది. పచ్చికొమ్మలతో కొడుతూ, ఉన్న రెండు బ్లోయర్లను మార్చి మార్చి వాడుతూ మనవాళ్లు తెల్లవారేదాకా పోరాడి, వాగు రాళ్ల దగ్గర దాన్ని నిలువరించారు. ఎవరికీ గాయాలు కాలేదు. ఏగిస, నల్లమద్ది పిలకలు చాలా వరకు పోయాయి.

కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించే అటవీ అగ్ని నివారణ, నిర్వహణ పథకం మంచి పథకమే. అయితే రెండు వాటాలూ కలిసి క్షేత్రస్థాయికి చేరేసరికి ఫైర్ లైన్ల అదను దాటిపోతోంది; ఖర్చు కాని సొమ్ము మార్చి 31తో మురిగిపోతోంది; మంటలు ఉద్ధృతంగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో కొత్త కేటాయింపు కోసం ఎదురుచూడవలసి వస్తోంది. అడవి సంవత్సరానికీ ఆర్థిక సంవత్సరానికీ పొంతన లేకపోవడమే అసలు చిక్కు అని కార్యవర్గం గట్టిగా భావిస్తోంది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాలను సూచించే పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఆ పంపకంలో అడవులకు, పర్యావరణానికి 10 శాతం ప్రాధాన్యం ఇచ్చింది గానీ, అలా వచ్చిన సొమ్మును అడవికే ఖర్చు చేయాలన్న షరతు పెట్టలేదు.

దీనికి దారి చట్టంలోనే ఉంది. అటవీ భూమిని ఇతర అవసరాలకు ఇచ్చినప్పుడు వసూలు చేసే సొమ్ముతో ఏర్పడేది పరిహార అటవీకరణ నిధి. 2016 నాటి చట్టం ప్రకారం ఆ నిధిలో 90 శాతం రాష్ట్రాలకే చెందుతుంది, అది ఏడాది చివర మురిగిపోయే సొమ్ము కాదు, 2018 నియమాలు మంటల నివారణను కూడా అందులో అనుమతించిన పనుల్లో చేర్చాయి. కాబట్టి ఫైర్ లైన్ల ఖర్చును ఈ నిధి వార్షిక ప్రణాళికలో చేర్చి, నవంబరు నాటికి విడుదల చేయాలని కోరుతూ అధికారులకు వినతిపత్రం సమర్పించాం.

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ పంపే ఉపగ్రహ హెచ్చరికల కోసం ఇద్దరు సభ్యుల ఫోన్లు నమోదు చేయించాం. మన ఊళ్లో సిగ్నల్ చెరువు కట్ట మీదే అందుతుంది కనుక మంటల కాలమంతా వంతులవారీగా ఒకరు అక్కడే కూర్చున్నారు. హెచ్చరిక 375 మీటర్ల గడిలో ఎక్కడో నిప్పు ఉందని మాత్రమే చెబుతుంది. అది ఏ వాగు పక్కనో, ఏ బండ కిందో చూసి చెప్పింది మన చెంచు సోదరులే.

ఆ సోదరుల్లో ఇద్దరికి ఏప్రిల్ నెల కూలి ఇంకా బాకీ ఉంది. నిధులు వచ్చేదాకా ఆగకుండా, ఆ మొత్తాన్ని సమితి పొదుపు ఖాతా నుంచి వెంటనే చెల్లించడానికి సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాం.