ఈ సంక్రాంతికి సరుకు ఇలా, కనుమ తర్వాత కొట్టు ఇలా

నమస్కారం. కనుమ మర్నాటి నుంచి తణుకు మిఠాయి కొట్టు బాధ్యత నాది కాదు. పన్నెండేళ్లుగా ఇక్కడే పాకం పడుతున్న ఆవిడ, ఆమె కొడుకు కలిసి తీసుకుంటున్నారు. కొట్టు మూసేస్తున్నారని బజార్లో తిరుగుతున్న మాట అబద్ధం. తెల్లవారుజామున మూడింటికి పొయ్యి వెలిగించే పని లేని ధనుర్మాసం కోసం నేను ఎదురుచూస్తున్న మాట మాత్రం నిజం. దానికి ముందు పెద్దపండగ గట్టెక్కాలి.

అరిసెలు ఈసారి రోజుకు 60 కిలోలకు మించి వండం. వేగిన అరిసెల్లో నూనె కారేలా చెక్కలతో నొక్కే చేతులు నిరుటిదాకా నాలుగు జతలు, ఇప్పుడు రెండు. కొత్తగా చేరిన ఇద్దరికీ జంతికలు, చెక్కలు అప్పగించాం. పండగ రద్దీలో అరిసెల మూకుడు దగ్గర కూర్చోబెట్టి పని నేర్పితే పాడయ్యేది మీ సరుకే. నొక్కడానికి మిషను పెట్టొచ్చు కదా అంటున్నారు. మిషను అన్ని అరిసెలనీ ఒకే బిగువుతో నొక్కుతుంది. లేత అరిసె నూనెతోపాటు లోపలి మెత్తదనమూ కక్కేస్తుంది, మందంగా వచ్చినదాంట్లో నూనె మిగిలిపోతుంది. ఏది ఎంత నొక్కాలో ఆ నొక్కే చెక్కలు పట్టుకున్న చేతికే తెలుస్తుంది.

కాబట్టి అరిసెల ఆర్డర్లు భోగికి వారం ముందే ఆపేస్తాం. ఆ తర్వాత అడిగితే లేవనే చెబుతాం, మొహమాటం లేదు. దొరకనివాళ్లు ఇంట్లో వండుకోండి, మా కొలతలే ఇస్తున్నాను.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం, 50 గ్రాముల నువ్వులు, 50 గ్రాముల నెయ్యి, నాలుగైదు గ్రాముల యాలకుల పొడి. చిన్నవి చేస్తే నలభై దాకా వస్తాయి. మేము వాడేది స్వర్ణ బియ్యం, అదే ఎంటీయూ 7029. సన్నబియ్యం జోలికి పోవద్దు. 24 గంటలు నానాలి, ఈలోగా మూడుసార్లు నీళ్లు మార్చాలి. మార్చకపోతే పులుపు వాసన పిండిలోకి దిగుతుంది, ఎన్ని యాలకులు వేసినా పోదు. చిల్లుల బుట్టలో అరగంట వాడ్చి, తడి మీదే మర పట్టించాలి. ఎండబెట్టకూడదు. చాలా మిల్లుల వాళ్లు తడిబియ్యం పట్టనంటారు, జల్లెడ పూడుకుపోతుందని వాళ్ల బాధ. పట్టినా, మర వేడెక్కితే పిండిలో తడి ఆరిపోతుంది. అందుకే మేం రెండేసి కిలోలుగా పంపిస్తాం. పిండి పిడికిట్లో బిగిస్తే ముద్ద కట్టాలి. జల్లించగానే గిన్నెలో నొక్కిపెట్టి తడిబట్ట కప్పండి.

బెల్లంలో చిన్న గ్లాసు నీళ్లు పోసి కరిగించి, వడకట్టాకే పాకం పెట్టాలి. ఎంత మంచి బెల్లమైనా కాస్త ఇసుక, చెరకు పిప్పి ఉంటాయి. మాది అనకాపల్లి దిమ్మ, రంగు నలుపే. పసుపుపచ్చగా మెరిసే బెల్లంలో తెలుపు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ఉంది, దాన్ని మేము కొనం. పాకం చుక్క చల్లటి నీళ్లలో వేస్తే వేళ్లకు మెత్తటి ఉండ రావాలి, పళ్లేనికేసి కొడితే టంగుమనకూడదు. కొత్తవాళ్ల కోసం థర్మామీటరు కొన్నాం. ఉండపాకం 112, 116 డిగ్రీల మధ్య వస్తుంది. అయినా బెల్లం మారినప్పుడల్లా ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది, చివరి మాట నీళ్ల గిన్నెదే.

దించేసి నెయ్యి, నువ్వులు, యాలకుల పొడి వేసి, పిండి కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. ఒక గిద్దెడు పిండి విడిగా ఉంచుకోండి. ముందు ఒక్కటి తట్టి నూనెలో వేయించి చూడండి. మూకుట్లో విడిపోయిందంటే పాకం లేతది, లేదా పిండి చాలలేదు. ఆ గిద్దెడు పిండి అందుకే. విరిగేంత గట్టిగా వస్తే పాకం ముదిరింది, లేదా పిండి ఆరిపోయింది. చలిమిడి మీద గోరువెచ్చటి పాలు చిలకరించి మర్దించండి, పూర్తిగా కాకపోయినా చాలావరకు దారికొస్తుంది. మంట మధ్యస్థంగా ఉండాలి. పెద్ద మంట మీద పైన మాడి, లోపల పచ్చిగా ఉంటుంది.

వేడి మీద డబ్బాలో పెట్టి మూత బిగించొద్దు. లోపల చెమట పట్టి అయిదో రోజుకే బూజొస్తుంది. ఆరబెట్టి, బటర్ పేపరు పరిచి పెడితే ఇరవై రోజులు ఢోకా లేదు.

జంతికలు, సున్నుండలు భోగి ముందురోజు వరకూ దొరుకుతాయి. పూతరేకులు మేం చేయం, ఎప్పటిలాగే ఆత్రేయపురం నుంచి వస్తాయి. బెల్లం పూతరేకులు తొందరగా మెత్తబడతాయి, వాటిని చివరిరోజు తీసుకోండి.

ధరల సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యాకెట్ కారం సరుకు మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది, ఆ మేరకు జంతికల ప్యాకెట్ ధర అప్పుడే తగ్గించాం. స్వీట్ల మీద ముందునుంచీ అయిదే, అక్కడ తగ్గేదేమీ లేదు. అరిసెలు కిలోకు 40 రూపాయలు పెంచాం. అందులో ఎక్కువ భాగం నొక్కేవాళ్ల కూలి. అది పెంచకపోతే ఆ మిగిలిన రెండు జతల చేతులూ వెళ్లిపోయేవి.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఒకటి గమనించండి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. కొరియర్ ఛార్జీ వేరు, సుంకం వేరు. బుక్ చేసే ముందే రెండూ కలిపి ఎంతవుతుందో కొరియర్ వాళ్లనే అడగండి. మేం ప్యాకింగు వరకే చేసిస్తాం.

ఇక కనుమ తర్వాత మారేవి. అన్నిటికంటే ముఖ్యం క్యూఆర్ కోడ్. మీ ఫోన్‌లో నా నంబరు దాచి ఉంటుంది, అలవాటుగా దానికే డబ్బులు కొట్టేస్తారు, అవి నా ఖాతాలో పడతాయి. తిరిగి పంపిస్తాను కానీ కొట్టు తీసుకున్నవాళ్లకు ఆ రోజు లెక్క తేలదు. పాత నంబరు తీసేసి, గల్లా మీద అతికించిన కొత్త కోడ్‌కే కొట్టండి. ఆఫీసులకు బిల్లు తీసుకునేవాళ్లకు జీఎస్టీ నంబరు కూడా మారుతుంది. అందులో యజమాని పాన్ నంబరే ఉంటుంది కాబట్టి నాది వాళ్లకు చెల్లదు. ప్యాకెట్ మీదుండే 14 అంకెల ఆహార లైసెన్సు నంబరూ అంతే. పాత నంబరుతో పండగ తర్వాతి తేదీ ప్యాకెట్ కనిపిస్తే తిరిగిచ్చేయండి.

నెలవారీ ఖాతా ఉన్నవాళ్లు భోగి లోపు తేల్చాలి, కొత్తవాళ్ల నెత్తిన నా బాకీల పుస్తకం పెట్టలేను. పెళ్లి ఆర్డర్లకు నాకిచ్చిన అడ్వాన్సులు పేరుపేరునా రాసి వాళ్లకు అప్పగిస్తున్నాను, రసీదు దాచుకోండి. ఆరుగురు పనివాళ్లలో అయిదుగురు కొనసాగుతారు. పని వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ చట్టప్రకారం పదిమంది ఉన్న చోటికే వర్తిస్తుంది. అయినా ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కనే ఆరుగురికీ కట్టిస్తున్నాను. అందుకే ఈసారి కొత్త బోర్డుకు డబ్బుల్లేవు, పాతదే ఉంటుంది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు, మేమూ కదలం. ఆ రోజు సెలవు. డిపాజిట్ కట్టి తీసుకెళ్లిన స్టీలు డబ్బాలు ముక్కనుమ సాయంత్రం లోపు తెచ్చిస్తే డబ్బు నా చేతి మీదుగానే ఇస్తాను. మూతలు కూడా తేవాలి, ఇప్పటికి పదిహేడు మూతలు లేవు.