హెచ్చరికను దాచడం దిద్దుబాటు కాదు

సంపాదకులకు నమస్కారం.

అమీర్‌పేటలో లినక్స్ డ్రైవర్లు (పరికరాలను నడిపించే ప్రోగ్రాములు) నేర్పే కొన్నిచోట్ల, వాడని వేరియబుల్ (విలువను దాచే పేరు) గురించి కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాము) హెచ్చరించగానే, ఆ పేరుకు ముందు ‘వాయిడ్’ (ఈ విలువ అక్కర్లేదని చెప్పే పదం) తగిలించి దాని నోరు మూయించడమే అలవాటు చేస్తున్నారు. పరికరాన్ని నియంత్రించే రిజిస్టర్‌లోకి రాసే ఫంక్షన్, పని జరిగిందో విఫలమైందో చెబుతూ ఇచ్చిన ఫలితాన్ని ‘రెట్’ అనే వేరియబుల్‌లో దాచి, ఆపై ఎక్కడా పరిశీలించకపోతే వచ్చే హెచ్చరిక, మనం పట్టించుకోకుండా వదిలేసిన వైఫల్యాన్నే వేలెత్తి చూపుతోంది, అక్కడ వేరియబుల్‌ను తొలగించడమూ తప్పే, ఫలితాన్ని పరీక్షించి తీరాలి. విద్యుత్ పొదుపు ఆప్షన్‌ను ఆపినప్పుడు మాత్రమే వాడకం లేకుండా పోయే వాటికైతే ‘మేబీ అన్‌యూజ్డ్’ (వాడకపోవచ్చు) అనే గుర్తు చాలు, అదీ ఆచితూచి. హెచ్చరికలన్నిటినీ దోషాలుగా లెక్కించి బిల్డ్‌ను (కోడ్‌ను ప్రోగ్రాముగా తయారుచేయడాన్ని) ఆపేసే ఆప్షన్ 2021లో వచ్చిన 5.15 కెర్నెల్ (లినక్స్ మూలభాగం) నుంచే ఉంది కనుక, శిక్షకులు దాన్ని తొలి పాఠం నుంచే ఆన్ చేయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డ్రైవర్ ఇంజినీరు,
కూకట్‌పల్లి, హైదరాబాద్