దమ్రో కొండల్లో మిగిలిపోయిన ఏడుగురు

సంపాదకులకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అస్సాం నుంచి చైనాలోని కున్మింగ్‌కు సరుకులు చేరవేసే విమానాలు ప్రయాణించిన హిమాలయ మార్గాన్ని పైలట్లు ‘హంప్’ అనేవారు. ఆ దారిలో దాదాపు 600 విమానాలు కూలిపోగా, మన దేశపు నేలపై ఆచూకీ తెలియని అమెరికన్ సైనికులే సుమారు 400 మంది ఉన్నారు.

వాటిలో ఒకటి ‘హాట్ యాజ్ హెల్’ అనే బీ-24 లిబరేటర్ బాంబర్. 1944 జనవరి 25న ఎనిమిది మందితో కున్మింగ్‌లో బయలుదేరిన ఆ విమానం అస్సాంలోని చబువాకు చేరనేలేదు. అరుణాచల్‌ప్రదేశ్‌లో దమ్రో గ్రామం ఎగువన నిటారైన కొండవాలులో దాని శకలాలను క్లేటన్ కూల్స్ అనే అమెరికన్ 2006లో గుర్తించారు. అస్థికలు వెలికి వచ్చిందీ, వాటిని స్వదేశానికి పంపిందీ మాత్రం 2015, 2016లలో. చివరకు డీఎన్ఏ పరీక్షతో ఆ ఎనిమిది మందిలో ఒకరైన లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్‌ను గుర్తించి, 2017 జూన్‌లో జార్జియా రాష్ట్రంలోని ఆయన సొంతూరు కాంకర్డ్‌లో ఖననం చేశారు. చనిపోయేనాటికి ఆయన వయసు 24 ఏళ్లు. ఆ ఊరు ఆయన కోసం 73 ఏళ్లు ఎదురుచూసింది.

విశాఖవాసిగా ఆ ఎదురుచూపు ఎలాంటిదో నాకు కొంత తెలుసు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్తూ 29 మందితో మాయమైన వాయుసేన విమానం ఏఎన్-32లో మా ఊరి నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు ఎనిమిది మంది ఉన్నారు. బంగాళాఖాతంలో 3,400 మీటర్ల లోతున ఉన్న శకలాలు ఆ విమానానివేనని 2024 జనవరిలో ప్రకటించేదాకా, ఆ ఇళ్లలో ఏటా కర్మ జరపాలా వద్దా అన్న ప్రశ్నకే సమాధానం లేదు.

దమ్రో పైన ఆ బాంబర్ సిబ్బందిలో మిగిలిన ఏడుగురి అస్థికల వెతుకులాట ఆలస్యం చేయదగినది కాదు. అస్థికలు దొరికినా పోల్చి చూడటానికి రక్తసంబంధీకుల డీఎన్ఏ కావాలి. తల్లి వైపు బంధువుల నమూనా అందుకు ముఖ్యం. ఆ తరం వారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మరోవైపు ఏటా వానలకు కొండచరియలు విరిగి మట్టి జారిపోతూనే ఉంటుంది. సరిహద్దు ప్రాంతమన్న జాగ్రత్తను నేను కాదనను. కానీ వానలు తెరపిచ్చే నెలల్లో తవ్వకాలకు వచ్చే బృందాలకు ఏ ఏటికాయేడు అనుమతుల కోసం కాచుకునే అవసరం లేకుండా, కేంద్ర ప్రభుత్వం అరుణాచల్ ప్రభుత్వంతో కలిసి ఒక స్థిరమైన పద్ధతిని ఏర్పాటు చేయాలి. ఆ కొండలను ఎరిగిన ఆది తెగ గ్రామస్థులను అందులో తగిన వేతనంతో భాగం చేయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం